పాఠశాలలో స్వీయచరిత్రము

మన ఉన్నత పాఠశాలలలో తెలుగు వ్రాతపనికై యిచ్చు విషయములలో ‘ఆత్మకథ’ యనునది చిరకాలముగా నున్నది. ఈ మాట విని చదువరులు సంతోషింపవచ్చును. కాని యది ఎవరి యాత్మకథ? చెట్టు ఆత్మకథ, నది ఆత్మకథ, చిరిగిన పుస్తకము ఆత్మకథ, పాతబడిన రూపాయి నాణెము ఆత్మకథ. పదునాలుగేండ్ల బాలుడు తాను వేపచెట్టునని భావించుకొని, తాను ఎల్లరకు నీడ నిచ్చుచున్నాననియు, మానవులు కృతఘ్నులై తన్ను నరకుచున్నారనియు ఇరువది పంక్తులలో విలపింపవలెను. ఈ విలాపము పరీక్షలకై యమ్మెడి గైడు పుస్తకములలో సిద్ధముగా దొరకును. పిల్లలు దానిని కంఠస్థము చేసెదరు. మేము దానికి మార్కు లిచ్చెదము. ఇరువదియేండ్లుగా నెల్లూరు తీరమునందలి పాఠశాలలలో తెలుగు చెప్పుచు మేము ఎన్ని వేపచెట్ల మొరలను దిద్దితిమో లెక్క లేదు. వానిలో నొక చెట్టు మరియొక చెట్టువలె గాక వేరుగా నున్నట్లు మాకు జ్ఞాపకము లేదు.

చెట్టుచేత మాటలాడించుటలో దోషమున్నదని మేము చెప్పము. కల్పనాశక్తికి అదియు నొక సాధనమే. కాని నాణెమునకు గల కథ ఆ నాణెమును చేతబట్టుకొని యుప్పు కొనుటకు పోయిన పిల్లవానికి లేదా? పదియేండ్లు బడికి వచ్చినవానిని ‘నీవు చూచినదేమి, నీకు జరిగినదేమి’ యని మనము ఒక్కసారియైనను అడుగలేదు. అడిగినప్పుడును ‘మా ఊరు’, ‘నా ఆదర్శ వ్యక్తి’ యని యడుగుదుము. దానికిని గైడులో జవాబు కలదు. ఆ జవాబు ప్రకారము ప్రతి గ్రామమునను పచ్చని పొలములు, గలగల పారు సెలయేళ్లు నుండును. మా పిల్లల గ్రామములలో నున్నవి ఉప్పు మళ్లు, రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, పూడిపోయిన బకింగ్‌హాము కాలువ. సెలయేటిని చూచినవాడు తరగతిలో నొక్కడును లేడు. అయినను అందఱును సెలయేటినే వ్రాసిరి.

ఈ దుస్థితిని మాన్పుటకై కొన్ని యేండ్లుగా మేము తొమ్మిదవ, పదవ తరగతులవారిచే స్వీయచరిత్రములను చదివించుచు, పిదప వారి చేతనే వ్రాయించుచు వచ్చితిమి. అందు మాకు తెలిసిన మంచిని, మేము చేసిన తప్పులను చదువరుల యెదుట నుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

వ్రాయించుటకు ముందు చదివింపవలెను. ఈ విషయమున మా జిల్లా భాగ్యము గలది. వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784లో కందుకూరి ప్రాంతమునందలి ఓగూరున జన్మించిరి. ఆ కందుకూరు పూర్వము నెల్లూరు జిల్లాలోనిదే. 1970లో ప్రకాశము జిల్లాకు పోయి, 2022లో మరల మాకు వచ్చినది. ఆయన 1815 మొదలు 1829 వఱకు మద్రాసు సదరు న్యాయస్థానములో భాషాంతరీకర్తగా, ద్విభాషిగా పనిచేసి, తన జీవితకథను ఇంగ్లీషున వ్రాసికొనిరి. 1839లో ఆయన గతించిరి. 1873లో ఆయన కుమారుడు వేంకట గోపాలరావుగారు ఆ గ్రంథమును ముద్రింపించిరి. దక్షిణదేశమున స్వీయచరిత్రమును ఇంగ్లీషున వ్రాసికొన్నవారిలో ఆయన మొదటివారిలో నొకరు. తెలుగువారికి అది తెలుగున చదువ దొరకుటకు నూఱేండ్లకు మించి పట్టినది. 1976లో అక్కిరాజు రమాపతిరావుగారు దానిని తెనిగించిరి.

ఈ వృత్తాంతమును మేము తరగతిలో చెప్పి, ‘ఈయన తన కథను తెలుగున నేల వ్రాయలేదు?’ అని యడిగితిమి. మేమెదురు చూచిన జవాబు, దొరల కొలువు, ఇంగ్లీషు మర్యాద మున్నగునవి. అవియు వచ్చినవి. కాని వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, ‘సార్, ఆయన రాసింది వాళ్లమ్మ చదవగలదా?’ అని యడిగెను. చదివియుండదని మాత్రము మేము చెప్పగలిగితిమి. ఆ ప్రశ్నకు మించిన సాహిత్యవిమర్శను మేము ఆ దినమున చేయలేదు. గ్రంథము ఎవరికై వ్రాయబడినది, ఎవరు దానిని చదువజాలరు అను రెండు సంగతులు తెలిసినచో గ్రంథకర్త ఏమి చెప్పెనో, ఏమి దాచెనో సగము తెలిసినట్లే.

ఈ సుబ్బారావుగారే 1820లో మద్రాసు పాఠ్యపుస్తక సంఘమున సభ్యులుగా నుండి, ఆనాటి బడులలో పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఆ సంఘమునకు నివేదించిరి. అప్పటికిని ఇప్పటికిని రెండువందల యేండ్లు దాటినవి. నాడు వల్లించినవి మహాకవుల పద్యములు. నేడు వల్లించునది గైడులోని వేపచెట్టు. ఈ మార్పును అభివృద్ధి యందుమో లేదో చదువరులే నిర్ణయింతురు గాక.

పిమ్మట కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము. ప్రథమ భాగము 1911లోను, ద్వితీయ భాగము 1915లోను వెలువడినవి. తెలుగు వచనమున స్వీయచరిత్రమునకు త్రోవ వేసిన గ్రంథ మిది యని అందఱును ఎఱుగుదురు. దీని నంతయు పదవ తరగతి పిల్లలచే చదివించుట మాత్రము పొరపాటు. మేము తొలియేట ఆ పొరపాటు చేసితిమి. పంతులుగారి గ్రంథమున సభలు, సంఘములు, వ్యాజ్యములు, పత్రికలలో జరిగిన వాదోపవాదములు విస్తారము. సంఘచరిత్రకారునికి అవి నిధి, పదునాలుగేండ్లవానికి బరువు. రెండవయేటి నుండి బాల్యమును గూర్చిన భాగమును, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిగిన మొదటి వితంతు వివాహమును గూర్చిన భాగమును మాత్రమే తీసికొంటిమి. అవి తరగతిని పట్టి యుంచినవి.

పంతులుగారికి నాలుగవయేట తండ్రి పోయెను. ‘నాలుగేండ్లనాటి సంగతి అఱువదియేండ్లవానికి ఎట్లు తెలిసెను?’ అని మేము పిల్లల నడిగితిమి. కొందఱు ‘గుర్తుంటుంది సార్’ అనిరి. ‘మీకు నాలుగవయేట జరిగినది ఒక్కటి చెప్పుడు’ అనగా తరగతి నిశ్శబ్దమయ్యెను. కొంత సేపటికి ఒకడు, ‘నేను బావిలో పడబోయినానంట, మా జేజి చెప్పింది’ అనెను. ఆ ‘అంట’ యను మాటను మేము నల్లబల్లమీద వ్రాసితిమి. స్వీయచరిత్రమున నున్న సగము సంగతులకు వెనుక ఈ ‘అంట’ యున్నది. వ్రాయువారు దానిని సామాన్యముగా తుడిచివేయుదురు. తల్లియో, మేనత్తయో చెప్పినది తాను చూచినట్లే వ్రాయుదురు. నాటి నుండి మా పిల్లలు ఏ స్వీయచరిత్రమును చదివినను, ఏది కన్నది, ఏది విన్నది యని అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుట నేర్చికొనిరి.

అంతకంటె సూక్ష్మమైన విషయము మరియొకటి కలదు. ప్రతి స్వీయచరిత్రమునను ఇద్దఱుందురు. ఒకడు అనుభవించిన బాలుడు, మరియొకడు దానిని వ్రాయుచున్న పెద్దవాడు. ఇది పాశ్చాత్యుల సొమ్మని మన ఇంగ్లీషు పండితులు కొంద ఱనుకొందురు. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరితమునకు మొదట తన కథనే చెప్పికొనెను. పసితనముననే తల్లి పోవుట, పదునాలుగవయేట తండ్రి పోవుట, పిమ్మట నానావిధులైన మిత్రులతో దేశములు తిరిగి పెద్దలచే నవ్వబడుట, ఇవన్నియు అందు గలవు. ఆ తిరుగుళ్లను వ్రాయునప్పటికి ఆయన రాజసభలో ప్రవేశించిన కవి. ఆనాటి పిల్లవాని చాపల్యమును నేటి పండితుడు మందలించుచున్నాడా, ముద్దుపెట్టుకొనుచున్నాడా యని సంస్కృతము చదువుకొనునాడు మా గురువులు మమ్ము ఒక్కనాడును అడుగలేదు, సమాసములను విడదీయించిరి. పదునాలుగవయేట తండ్రి పోయెనను మాట తెలుగున చెప్పినప్పుడు మా తరగతిలో ఇద్దఱు పిల్లలు తలవంచుకొనిరి. వారి వయస్సును అదియే. ఒకని తండ్రి వేటకు పోయి తిరిగి రానివాడు.

పంతులుగారి గ్రంథమున లోటు లేకపోలేదు. దానిని కనిపెట్టినవారు ఆడపిల్లలు. వితంతు వివాహముల దినములలో వంటవారు, నీళ్లవారు మానివేయగా రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి నీళ్లు మోసి వంట చేసినది అందఱికిని తెలిసిన కథ. ‘ఆమె ఏమనుకున్నదో ఎక్కడ ఉండాది సార్?’ అని యొక బాలిక యడిగెను. ఆమె 1910లో గతించెను. ఆమె యేమనుకొనెనో మనకు భర్తగారి కలము నుండియే తెలియవలెను. సంస్కర్త యింటనే భార్య కథ భర్త చేతిలో నున్నప్పుడు తక్కిన యిండ్లను గూర్చి చెప్పనేల?

అందుచేత స్త్రీలు వ్రాసికొన్న కథలను వెదకి తేవలసి వచ్చెను. ఏడిదము సత్యవతిగారి ‘ఆత్మచరితము’ 1934లో వెలువడెను. తెలుగు స్త్రీల స్వీయచరిత్రములలో మొదటిదిగా దానిని పరిశోధకు లెన్నుదురు. మా సీమలోనే పొణకా కనకమ్మగారు కలరు. ఆమె బాల్యముననే వివాహితయై, బడికి పోకయే ఇంటనే చదువు నేర్చికొని, స్వాతంత్ర్యోద్యమమున కారాగారమునకు పోయి, 1923లో నెల్లూరున బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించెను. 1963లో ఆమె గతించెను. ఆమె వ్రాసికొన్న కథ ‘కనకపుష్యరాగం’ 2011లో గాని గ్రంథముగా వెలువడలేదు. నలువదియెనిమిదేండ్లు! మన జిల్లాలో ముద్రణాలయములు లేక కాదు, పత్రికలు లేక కాదు. ఆడువారి కథ తొందరపడి ముద్రింపదగినదని ఎవరికిని తోచలేదు. బంగాళాదేశమున రాససుందరీదేవి వంటయింట దాగి, కుమారుడు వ్రాసిన తాటాకును పోల్చి చూచుకొనుచు అక్షరములు నేర్చికొన్న వృత్తాంతమును తానే వ్రాసికొనగా, అది 1876లోనే అచ్చయినది. ఈ రెండు సంవత్సరములను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి చూపితిమి. వ్యాఖ్యానము అక్కఱలేకపోయెను.

భాషను గూర్చి ఒక మాట. మేము ఈ వ్యాసమును వ్రాయుచున్న భాషలో మా విద్యార్థి తన కథను వ్రాసినచో మేమే కొట్టివేయుదుము. చదువరులు నవ్వవచ్చును. మాకు ఈ భాష పెద్దల వలన వచ్చినది, ఈ పత్రిక చదువరులకు పరిచితమైనది. పిల్లవానికి ఇది అరువు చొక్కా. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు పోరాడినది ఇందుకే గదా! కావలి పిల్లవాని బాల్యమును కావలి మాటలలోనే చెప్పిన మహమ్మద్ ఖదీర్‌బాబుగారి ‘దర్గామిట్ట కతలు’ చదివించిన దినమున తరగతిలో కలిగిన ఆశ్చర్యము మేము మఱువలేము. చిత్తూరు సీమ నుండి నామినిగారి కథలును అట్టివే. ‘ఇట్లా కూడా రాయొచ్చా సార్? మార్కులు కోస్తారు గదా?’ అని యొకడు. కోయమని మేము మాట యిచ్చితిమి. ఆ మాట నిలుపుకొనుట యెంత కష్టమో తరువాత తెలిసెను. ఎఱ్ఱసిరా కలము చేతనున్నప్పుడు ‘పొయినాయి’ యను మాటను చూచి చేయి దానంతటదియే కదలును.

ఇక వ్రాయించుట. ‘మీ జీవితమును గూర్చి వ్రాయుడు’ అని చెప్పుట వ్యర్థము. చెప్పి చూచితిమి. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఇష్టమైన ఆహారము, పెద్దయైన పిదప వైద్యుడనగుదునను ప్రతిజ్ఞ వచ్చినవి. రెండవసారి ‘మీకు దుఃఖము కలిగించిన సంఘటన’ యని యిచ్చితిమి. ఇది మొదటిదానికంటె చెడ్డది. దుఃఖమునకు మార్కులు వచ్చునని పిల్లలు వెంటనే గ్రహించిరి. ఆ వారమున మా తరగతిలో ముప్పదిమంది తాతలు గతించిరి. ఒక బాలుడు తాతగారి అంత్యక్రియలను కన్నీరు కార్చునట్లు వర్ణించెను, మేము మెచ్చుకొంటిమి. మఱునాటి సాయంకాలము ఆ తాతగారే గొడుగు పట్టుకొని మనుమని తీసికొనిపోవుటకు బడికి వచ్చిరి. కుశల ప్రశ్నలు వేసితిమి. ఆయన ఆరోగ్యము దివ్యముగా నుండెను.

తుదకు మాకు దొరికిన మార్గము చిన్నది. ఒక వస్తువును గాని, ఒక గంటను గాని తీసికొని, చూచినది మాత్రము వ్రాయుమనుట. భావము వ్రాయవలదు, ‘నాకు చాలా బాధ కలిగింది’ యను వాక్యము నిషిద్ధము. ఇంటిలో నొకరిని అడిగి, వారు చెప్పిన మాట నొక్కదానిని ఉన్నదున్నట్లు చేర్పవలెను. ఈ కడపటి నియమమే అన్నిటికంటె ఫలించినది. అడుగుట నేర్చిన పిల్లవాడు ఇంటికి పోయి, ఎన్నడును మాటలాడని తండ్రితో మాటలాడెను. వేట నిషేధ దినములలో, అనగా ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, తండ్రులు ఇంటనుందురు గనుక ఆ వేసవి సెలవులలోనే ఈ పని పెట్టితిమి. వల బాగుచేయుచున్న మనిషి ప్రక్కన కూర్చుండి యడిగిన ప్రశ్నకు నిదానముగా జవాబు వచ్చును.

ఇక మా తప్పు చెప్పవలెను. రొయ్యల షెడ్డులో పనిచేయు తల్లిని గూర్చి ఒక బాలిక వ్రాసినది. అందొక వాక్యము: ‘మా అమ్మ రాత్రిపూట చేతులు వేడినీళ్లలో పెట్టుకోని కూచుంటది, ఐసుకు వేళ్లు తిరగవు.’ ఇరువదియేండ్లలో మేము దిద్దిన వ్రాతలలో ఇంతటి వాక్యము లేదనిపించెను. ఆనందము పట్టలేక, ఆమె నడుగకయే, తరగతిలో బిగ్గరగా చదివితిమి. వెనుక బల్లల నుండి ఎవడో ముక్కు మూసికొని రొయ్యల వాసన యనెను. నలుగురు నవ్విరి. వారిని దండించితిమి, దాని వలన ఏమి లాభము? మఱుసటి వారము ఆ బాలిక యిచ్చిన కాగితములో ‘మా ఇల్లు చాలా అందమైనది. మా అమ్మ చాలా మంచిది. ఆమె మమ్ములను ప్రేమగా చూచుకొనును’ అని యుండెను. తప్పు లొక్కటియు లేవు. ఆ సంవత్సరమంతయు ఆమె అట్లే వ్రాసెను. మేమేమి పోగొట్టితిమో మాకు తెలుసును. ఆమెకు మేము క్షమాపణము చెప్పితిమి. ఆమె ‘పర్లేదు సార్’ అనెను. పిల్లల ‘పర్లేదు’ను నమ్మరాదు.

అప్పటి నుండి కొన్ని కట్టుబాట్లు చేసికొంటిమి. వ్రాసినవారి యనుమతి లేక ఏ వ్రాతయు తరగతిలో చదువబడదు. ఏ పుట మేము చదువగూడదో ఆ పుటను మధ్యకు మడువవచ్చును. మడిచిన పుటను మేము విప్పము, దానికి మార్కులు తగ్గింపము. మొదటి యేట పుటలు విస్తారముగా మడువబడెను. కొందఱు ఏమియు వ్రాయకయే మడిచి యుందురని తోటి యుపాధ్యాయు లనిరి. అట్లే యుండవచ్చును. రెండవ యేటికి మడుపులు తగ్గినవి.

కాని ఈ యేర్పాటున నొక చిక్కు కలదు. ఉపాధ్యాయుడు రహస్యమును కాపాడుదునని మాట యిచ్చుటకు ముందు, ఏ రహస్యమును కాపాడజాలడో చెప్పవలెను. పదవ తరగతి బాలిక తనకు వేసవిలో పెండ్లి నిశ్చయమైనదని మడువని పుటలో వ్రాసినచో ఏమి చేయవలెను? ఇది ఊహ కాదు. మా కాగితములలోనే వచ్చినది. ‘శైలి బాగున్నది’ అని అంచున వ్రాసి యిచ్చివేయుదుమా? 1929 నాటి శారదా చట్టము బాలికకు పదునాలుగేండ్లు చాలుననెను; నేటి చట్టము పదునెనిమిది కావలెననుచున్నది, 2006 నాటి చట్టము అట్టి పెండ్లిని చేయించువారిని శిక్షించును. పిల్లలు 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చునని గోడమీదనే వ్రాసియున్నది. మేము ఆ బాలికతోను, పిదప ప్రధానోపాధ్యాయినిగారితోను మాటలాడితిమి. ఆమె వెంట మేమును ఆ యింటికి పోయితిమి. పెండ్లి ఆగినది, ఆ యింటివారు మాతో మాటలాడుటయు ఆగినది. అందుచేత నేడు తొలి దినముననే తరగతికి చెప్పుచున్నాము: ‘మీకు అపాయము కలిగించు సంగతి మాకు తెలిసినచో మేము ఊరకుండజాలము. అది తెలిసియే వ్రాయుడు.’ దీనివలన కొందఱు వ్రాయ మానుదురేమో. మానినను, అబద్ధపు మాట యిచ్చుటకంటె మేలు. స్వీయచరిత్రమును కేవలము శైలీసాధనగా నేర్పవచ్చునని చెప్పు ఇంగ్లీషు పుస్తకములను మేము చదివితిమి. వానిని వ్రాసినవారి తరగతులలో ఇట్టి పుట రాలేదో, వచ్చినను వారు అంచున శైలిని మాత్రమే మెచ్చుకొనిరో తెలియదు.

‘పదునాలుగేండ్లవానికి చరిత్ర యేమిటండీ? ముందు వ్యాకరణము నేర్పుడు’ అని మిత్రులైన పండితులొకరు మమ్ము పరిహసించిరి. ‘అంట’ యను ప్రత్యయముతో మేము నేర్పినంత వ్యాకరణము వారు సంధులతో నేర్పిరో లేదో గాని, వారి ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. యౌవనము రాకమునుపే తన్ను గూర్చి తాను వ్రాసికొనుట యలవడినవాడు అద్దము ముందు నుండి కదలనివాడగునేమో యను భయము మాకును కలదు. అందుచేతనే వ్రాతలో ఇంకొకరిని అడుగవలెనను నియమము పెట్టితిమి. తన కథలో ఇతరులు లేని పిల్లవానిని మేము ఇంతవఱకు చూడలేదు; పెద్దలను మాత్రము చూచితిమి.

గత సంవత్సరము వేసవి గడచి బడి తెఱచిన వారములో ఒక మత్స్యకారుడు కొడుకు నోటుపుస్తకమును చంకబెట్టుకొని మా బడికి వచ్చెను. వసారాలో నిలువబడి, ‘అయ్యవారా, మా ఇంటి సంగతులన్నీ మావాడు ఇందులో రాస్తా ఉండాడంట. మీకెందుకయ్యా అవి?’ అనెను. కోపము లేదు, అనుమానము మాత్రము కలదు. ఇంటి సంగతులను అడిగి వ్రాసికొని పోయినవారు పూర్వము చాలమంది వచ్చియుందురు. గణన చేయువారు, అప్పు లిచ్చువారు, తుపాను పిమ్మట నష్టము లెక్కించువారు. మేము సమాధానము చెప్పబోయి, చెప్పలేక, పిల్లవానిని పిలిచి, ‘నీవే మీ నాయనకు చదివి వినిపించుము’ అంటిమి. ఆయన చదువుకొనలేదు.

ఆ వ్రాత 2004 నాటి ఉప్పెనను గూర్చినది. పిల్లవా డప్పటికి పుట్టలేదు. జేజి చెప్పినది వ్రాసెను. ఎండబోసిన చేపలు నీళ్లలో పోవుట, జేజి సరుగుడు చెట్టును కౌగలించుకొనుట, నీళ్లు తీసిన పిదప ఇంటిలోని రాగి బిందె కనబడక ఆమె దానికై యేడ్చుట. తండ్రి గోడ కానుకొని వినెను. నడుమ రెండుసార్లు ఆపించెను. ‘మద్దేనం గాదురా, పొద్దున. ఆదివారం. నేను అప్పుడే ఒడ్డుకు వచ్చి ఉండా’ అనెను. చివర బిందె వచ్చినప్పుడు కొంచెము నవ్వి, ‘రాగి బిందె ఎక్కడిదిరా మనకు? సత్తు బిందె అది. మీ జేజికి రాగి బిందె కావాలని ఉండేది’ అనెను.

పిల్లవాడు మావైపు చూచెను. పిమ్మట అక్కడనే నేలమీద కూర్చుండి, ‘మధ్యాహ్నం’ కొట్టి ‘పొద్దున’ అని వ్రాసి, బిందె దగ్గఱ పెన్సిలు ఆపి, ‘రెండూ రాయొచ్చా నాయనా?’ అని తండ్రి నడిగెను.